మద్రాసు మ్యాచ్‌కి మా మేనత్త కొన్న టికెట్లు

మా మేనత్త క్రికెట్ చూసి నేర్చుకోలేదు, విని నేర్చుకుంది.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో మాకు బట్టల కొట్టు ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్తయ్యను మా నాన్న వంటింట్లో కూర్చోబెట్టలేదు, తీసుకెళ్లి కొట్లో చీరల వైపు కూర్చోబెట్టాడు. పంచెలూ తువాళ్లూ నాన్నవి, చీరలూ జాకెట్టు ముక్కలూ అత్తయ్యవి, గోడమీది రేడియో ఇద్దరిదీ. మామూలు రోజుల్లో నాన్న పాటలు పెట్టుకునేవాడు. మ్యాచ్ ఉన్న రోజుల్లో మాత్రం ఆ రేడియో వైపు ఆయన చెయ్యి వెళ్లేది కాదు.

అత్తయ్య చదివింది ఐదో క్లాసు. ఇంగ్లీషు రాదు. అయినా ఏళ్ల తరబడి వినగా వినగా, కామెంటరీ చెప్పేవాడి గొంతు ఎప్పుడు పెరుగుతుందో, ఏ మాట తర్వాత జనం అరుస్తారో ఆవిడకు పట్టుబడిపోయింది. తెలియని మాట వస్తే మా అన్నయ్యను అడిగేది. మైదానం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు గనక మా కొట్టునే మైదానం చేసుకుంది. గల్లాపెట్టె దగ్గర వికెట్లు. చీరల బీరువా పాయింటు. వీధి గుమ్మం బౌండరీ. నాన్న కూర్చునే పరుపు షార్ట్ లెగ్గు. బ్యాట్స్‌మన్ గట్టిగా లెగ్ సైడు కొట్టినప్పుడల్లా, నాన్న వైపు చూసి, "ఇది మా అన్నయ్యకి తగలాల్సిందే" అనేది. నాన్నకు ఏం తగలాలో అర్థమయ్యేది కాదు. పంచె మడత పెడుతూ ఊరుకునేవాడు.

తర్వాత మా ఇంటికి టీవీ వచ్చింది. మేమంతా ఎగిరి గంతేశాం గాని అత్తయ్యకు అది నచ్చలేదు. టీవీవాడు బంతి ఎటు పోతే అటే చూపిస్తాడు, మిగతావాళ్లు ఎవరెక్కడ నిలబడ్డారో చూపించడు అని ఆవిడ ఫిర్యాదు. ఒక్కసారి మైదానం మొత్తం ఒకేచోట కూర్చుని చూడాలని అప్పటినుంచీ అంటూనే ఉండేది.

ఎనభై ఏడులో ప్రపంచ కప్పు పోటీలు మన దేశానికి వచ్చాయి. మనవాళ్ల మొదటి మ్యాచ్ మద్రాసులో, ఆస్ట్రేలియాతో. ఆ మర్నాడే హైదరాబాదులో వేరే దేశాల మధ్య ఇంకో మ్యాచ్. పేపర్లో ఆ వార్త వచ్చిన రోజు అత్తయ్య కొట్లో బేరాలు సరిగా చెయ్యలేదు. సాయంత్రం కొట్టు కట్టేస్తూ, "మద్రాసు ఎంత దూరం? సరుకుకి వెళ్లట్లేదా మనం?" అంది నాన్నతో. నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న రోజులవి. నన్నూ తీసుకెళ్లమని అప్పుడే చెప్పేశాను.

ఆ తర్వాత కొద్ది వారాలకు కోటగుమ్మం దగ్గర లాడ్జిలో ఒకాయన దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచీ, మాటకు ముందు నవ్వు. మ్యాచ్‌లు జరిపించే పెద్దలు తనకు దగ్గరి బంధువులని, మద్రాసు, హైదరాబాదు రెండుచోట్ల టికెట్లూ తన దగ్గర ఉన్నాయని చెప్పాడు. మా అన్నయ్యకు ఆయన్ని హోటల్లో ఎవరో పరిచయం చేశారట. ఇంక చూడాలి. పెళ్లికొడుకుని ఊరేగించినట్టు ఆయన్ని మా వీధంతా తిప్పింది మా అన్నయ్యే. తను మద్రాసు మ్యాచ్‌కి పెవిలియన్ టికెట్టు కొన్నాడు. వద్దు వద్దంటున్న స్నేహితుడి చేత, అంటే మా పక్క ఇత్తడి సామాన్ల కొట్టువాళ్ల అబ్బాయి చేత, ఇంకోటి కొనిపించాడు. ఇత్తడి కొట్టువాళ్లతో సహా వీధిలో కొన్ని కుటుంబాలు హైదరాబాదు దగ్గరని, బంధువులు కూడా ఉన్నారని అక్కడి టికెట్లు తీసుకున్నాయి. టికెట్టు చూడ్డానికి ఎంత బాగుందని! దళసరి కాగితం, బంగారు రంగు అక్షరాలు. అన్నయ్య దాన్ని పుస్తకంలో నెమలీక దాచినట్టు దాచుకున్నాడు.

అత్తయ్యకు కూడా రెండు ఇప్పిద్దామని ఆయన్ని కొట్టుకి తీసుకొచ్చాడు. అత్తయ్య కూర్చోబెట్టి, సోడా తెప్పించి, నెమ్మదిగా అడిగింది.

"పేపర్లో టికెట్ల అమ్మకం ఇంకా మొదలవలేదని ఉందండి. మీ దాకా ఎలా వచ్చాయి?"

ఇవి కోటా టికెట్లని, పెద్దవాళ్ల కోసం ముందే తీసి ఉంచుతారని ఆయన నవ్వుతూ చెప్పాడు.

"అలాగేనండి. మాకూ రెండు కావాలి. ఆ రోజు మీరు మద్రాసులో గేటు దగ్గరికి రండి. మేం లోపలికి అడుగు పెట్టగానే మావాడు మీ చేతిలో డబ్బు పెడతాడు. దాంతోపాటు మీ ఇంట్లోవాళ్లకి మంచి ఉప్పాడ చీర కూడా పెడతాను."

ఆయన నవ్వు తగ్గలేదు గాని సోడా సగంలో వదిలేశాడు. అన్ని టికెట్లూ అయిపోవచ్చాయని, తను అంతదాకా ఆగలేనని, మళ్లీ కనపడతానని లేచాడు. మళ్లీ కనపడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య అలిగాడు. పెద్దమనిషిని దొంగను చేసి పంపించావన్నాడు.

"దొంగని నేనెక్కడ అన్నానురా? ఆయనెవరో నాకు తెలీదన్నాను. నీకు మాత్రం తెలుసా?" అంది అత్తయ్య.

కొన్నాళ్లకు పేపర్లో ప్రకటన పడింది. టికెట్లు ఏ రోజు నుంచి, ఎక్కడ అమ్ముతారో, మనిషికి ఎన్ని ఇస్తారో అందులో రాశారు. అత్తయ్య ఆ ముక్క కత్తిరించి నా చేత రెండుసార్లు చదివించుకుంది. ఇద్దరం ఆడవాళ్లం మద్రాసు వెళ్లి క్రికెట్ టికెట్ల కోసం లైన్లో నిలబడటమేంటని నాన్న కాసేపు నసిగాడు. దీపావళి సరుకు కూడా చూసొస్తానని అత్తయ్య అన్నాక సరేనన్నాడు. మా ఇద్దరికీ మద్రాసు మెయిల్లో సీట్లు దొరికాయి.

మాకు చీరలు పంపించే హోల్‌సేలు వ్యాపారి ఇల్లు జార్జి టౌనులో. తెలుగువాళ్లే. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి వాళ్ల చేతిలో పెట్టి అక్కడే దిగాం. ఎందుకొచ్చామో విని ఆ పెద్దాయన మొదట నమ్మలేదు. తర్వాత, మీరెందుకు ఎండలో నిలబడటం, మా మనిషిని పంపిస్తానన్నాడు. అత్తయ్య వద్దంది. పోతే నా వల్ల పోవాలి గాని ఇంకొకరికి మాట రాకూడదంది. ఆయన ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాడు: కౌంటరు బయట ఎవరు పిలిచినా పలక్కండి.

తెల్లారగానే స్టేడియం దగ్గరికి వెళ్లాం. కోరుకొండ తీర్థంలో కొండ మెట్ల దగ్గర కూడా అంత జనాన్ని నేను చూడలేదు. మగవాళ్ల లైను స్టేడియం గోడ పట్టుకుని మలుపు తిరిగి, ఆ మలుపు దాటి, ఎక్కడ ఆగిందో కనబడలేదు. రాత్రి అక్కడే పడుకున్నవాళ్లు పక్కలు చుట్టుకుంటున్నారు. ఈ లెక్కన మాకు దీపావళికి కూడా అందవనుకున్నాను.

అత్తయ్య ఒక పోలీసాయన దగ్గరికి వెళ్లి తెలుగులోనే ఏదో అడిగింది. ఆయన అరవంలో ఏదో చెప్పి కర్రతో అటు చూపించాడు. చూస్తే అక్కడ ఇంకో కిటికీ. ఆడవాళ్ల లైను. అందులో ఉన్నది గుప్పెడు మంది. కాలేజీ అమ్మాయిలు కొందరు, మనవడి కోసం వచ్చిన ఒక మామ్మగారు, ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చినావిడ ఒకరు. మేం వెళ్లి వాళ్ల వెనక నిలబడ్డాం. గోడ పక్క లైన్లోంచి అన్ని వందల మంది మగవాళ్లు మమ్మల్ని చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

నిలబడి ఉండగానే ఒకతను వచ్చాడు. మేం తెలుగు మాట్లాడటం విని తెలుగులోనే, "అక్కా, పైన నీడలో సీట్లున్నాయి. ఈ గ్యాలరీలో ఎండకి మాడిపోతారు" అన్నాడు. అత్తయ్య అతనివైపు చూడనే లేదు. నన్ను పట్టుకుని, మీ అమ్మ ఊరగాయ పంపించిందా లేదా అని ఏవో ఇంటి కబుర్లు మొదలెట్టింది. అతను కాసేపు నిలబడి ఇంకొకరి దగ్గరికి పోయాడు.

మా వంతు వచ్చింది. మనిషికి రెండు చొప్పున ఇద్దరికీ నాలుగు టికెట్లు. అత్తయ్య వాటిని తీసుకుని కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ఒక్కోటీ నాకిచ్చి తేదీ, గేటు నంబరు, వరస, సీటు అన్నీ చదివించింది. వెనకాల అమ్మాయిలు విసుక్కుంటున్నారు. లోపలి గుమస్తా కూడా ఏదో అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. అన్నీ సరిపోయాక నాలుగూ బొడ్డు సంచీలో పెట్టి, సంచీ నడుములో దోపి, అప్పుడు పక్కకు వచ్చింది. మా టికెట్టు పల్చటి కాగితం, నల్ల సిరా, ఓ మూల స్టాంపు. అన్నయ్య టికెట్టు ముందు బీద చుట్టంలా ఉంది.

ఇంటికి వచ్చి చూపిస్తే అన్నయ్య నవ్వాడు. మీరు గ్యాలరీలో ఎండలో కూర్చోండి, నేను పెవిలియన్ నుంచి చెయ్యి ఊపుతాలే అన్నాడు. నాలుగు టికెట్లలో అత్తయ్యదొకటి, నాదొకటి. ఒకటి జార్జి టౌనులో మేం దిగిన ఇంటి వ్యాపారిగారికి. మిగిలినదాన్ని ఎవరికిస్తావని నేనడిగితే, ఉండనీ అంది.

దసరా వెళ్లగానే మళ్లీ మెయిలెక్కాం. ఈసారి అన్నయ్య, ఇత్తడి కొట్టువాళ్ల అబ్బాయి కూడా మాతో ఉన్నారు. మ్యాచ్ రోజు పొద్దున్న స్టేడియం ముందు విడిపోయేటప్పుడు అత్తయ్య అన్నయ్యకు మా గేటు నంబరు చెప్పింది. అటు ఏదైనా కుదరకపోతే ఇటు రా, నేను గేటు దగ్గరే ఉంటానంది. అన్నయ్య సరే సరేనంటూ జనంలో కలిసిపోయాడు.

మేం లోపలికి వెళ్లి మెట్లెక్కాం. ఒక్కసారిగా ఆకుపచ్చగా, గుండ్రంగా మైదానమంతా కళ్లముందు పరుచుకుంది. అత్తయ్య మెట్టుమీదే నిలబడిపోయింది. ఇంత పెద్దదా, అంది. మా కొట్టు గుమ్మానికీ ఈ బౌండరీకీ ఎంత తేడానో ఆవిడ మొహంలోనే తెలుస్తోంది. నన్నూ, మాతో వచ్చిన వ్యాపారిగారినీ సీట్లలో కూర్చోబెట్టి, పక్క సీట్లో తన చేతిసంచీ పెట్టి, వస్తానుండు అని కిందకి దిగి వెళ్లింది.

మ్యాచ్ మొదలైంది. ఆస్ట్రేలియావాళ్లు బ్యాటింగు. ఒక ఓవరు, ఇంకో ఓవరు అయిపోతున్నాయి. అత్తయ్య రాలేదు. నాకు కంగారు పుట్టి, సీట్లు చూస్తూ ఉండమని వ్యాపారిగారికి చెప్పి వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ మా గేటు లోపల ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడి ఉంది. అక్కడినుంచి మైదానం అంగుళం కూడా కనబడదు. లోపల జనం అరిచారు. తల తిప్పకుండానే, "ఇది ఫోరు. వికెట్టైతే ఇలా అరవరు" అంది. జీవితంలో ఒక్కసారి కళ్లతో చూద్దామని ఇంతదూరం వచ్చి, ఇక్కడా చెవులతోనే వింటోంది. పైకి రమ్మన్నాను. రాలేదు.

ఇంకాసేపటికి అన్నయ్య వచ్చాడు. వెనక స్నేహితుడు. అన్నయ్య చొక్కా చెమటకు తడిసిపోయింది. చేతిలో బంగారు అక్షరాల టికెట్లు. పెవిలియన్ గేటు దగ్గర వాటిని చూసి, ఇలాంటివి పొద్దున్నుంచీ చాలా చూశామని పక్కకు నెట్టేశారట. ఇంకో గేటుకి వెళ్లారు, అక్కడా అంతే.

అత్తయ్య ఊచల్లోంచి మిగిలిన టికెట్టు అందించింది.

"ఎండలో చాలాసేపు తిరిగినట్టున్నావు. లోపలికి రా."

అన్నయ్య ఆ టికెట్టు తీసుకున్నాడు. దాన్ని స్నేహితుడి జేబులో పెట్టాడు. అతను వద్దని వెనక్కి తియ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"వాడు వద్దంటుంటే నేనే కొనిపించాను అత్తయ్యా. వాణ్ణి రానీ."

"మరి నువ్వు?"

"నాకు పనుంది. మన వీధివాళ్లంతా ఈ సాయంత్రం హైదరాబాదు బండెక్కుతారు, పిల్లల్నేసుకుని. వాళ్లవీ ఇవే టికెట్లు. ఫోన్ చేసి చెప్పాలి."

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. అత్తయ్య అన్నయ్య మొహంలోకి చూసింది. వీధంతా తిప్పిన మనిషి దొంగని ఆ వీధికి తనే చెప్పుకోవాలి. చిన్న పని కాదు. ఆవిడ ఒక్క మాటే అంది.

"అర్జెంటు ట్రంకు కాలని చెప్పు. మామూలుదైతే సాయంత్రందాకా తగల్దు."

అన్నయ్య వెళ్లిపోయాడు. మేం ముగ్గురం పైకి వెళ్లి కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. అత్తయ్య మాత్రం పదిహేను నిమిషాల్లో లోకం మర్చిపోయింది. ఇదా పాయింటంటే, అదా గల్లీ అంటే, అంటూ ఒక్కొక్కళ్లనీ వేలితో చూపిస్తూ లెక్క సరిచూసుకుంది. బంతి లేని చోట ఎవరేం చేస్తున్నారో నాకు చెప్పింది. ఒకడు బూటు లేసు కట్టుకుంటున్నాడట, ఒకడు జనంవైపు చూసి నవ్వుతున్నాడట.

వాళ్ల ఇన్నింగ్స్ అయ్యాక విరామంలో వింత జరిగింది. బోర్డుమీద వాళ్ల స్కోరు ఉన్నట్టుండి రెండు పెరిగింది. మా ముందు వరసలో ట్రాన్సిస్టర్ పట్టుకున్నాయన వివరం చెప్పాడు. పొద్దున్న ఫోరని లెక్కేసిన ఒక దెబ్బ నిజానికి సిక్సట, మన కెప్టెనూ ఒప్పుకున్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు గొణిగారు. ఎందుకు ఒప్పుకోవాలన్నాడు ట్రాన్సిస్టర్ ఆయన.

"సిక్సైతే సిక్సే కదండీ" అంది అత్తయ్య తెలుగులో. ఆయనకు అర్థమైనట్టే ఉంది.

సాయంత్రం మనవాళ్లు ఆఖరి ఓవర్లో ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. గెలుస్తామనుకున్న మ్యాచ్. ఆఖరి వికెట్టు పడగానే స్టేడియమంతా నోరు పడిపోయినట్టయింది. ట్రాన్సిస్టర్ ఆయన వెనక్కి తిరిగి అత్తయ్యవైపు ఒక చూపు చూశాడు, ఆ రెండు పరుగులూ ఈవిడే తీసి ఇచ్చేసినట్టు. అత్తయ్య ఆయనకు సంచీలోంచి పూతరేకు ఒకటి తీసి ఇచ్చింది. ఆయన కాదనకుండా తిన్నాడు.

బయట అన్నయ్య పేవ్‌మెంటు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. చాలాసేపు కాచుకున్నాక ఫోన్ తగిలిందట. నాన్న లైన్లోకి రాగానే, "మీరు వెంటనే కొట్టు వదిలి ఇంటింటికీ వెళ్లి చెప్పండి. నేను మోసపోయాననే చెప్పండి, అలా అయితే నమ్ముతారు" అన్నాడట. నాన్న చీరలు చూస్తున్న బేరాన్ని అలాగే వదిలేసి వీధిలో పడ్డాడని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం మా కొట్లో ఎవరూ లేరు. ఏ చీరా పోలేదు.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య కిటికీ పక్క సీటు అన్నయ్యకిచ్చింది. తను చూసిన దగ్గర్నుంచీ మ్యాచ్ మొత్తం చెప్పింది. బెర్తుమీద పరిచిన దుప్పటే మైదానం, వేరుశనక్కాయలే ఆటగాళ్లు. ఎవడు ఎక్కడినుంచి ఎక్కడికి పరిగెత్తాడో కాయ జరిపి చూపించింది. అన్నయ్య మధ్యలో ప్రశ్నలు వేస్తున్నాడు. కాసేపటికి తనే నవ్వుతున్నాడు. మోసగాడి మాట ఆవిడ ఎత్తలేదు, తర్వాతెప్పుడూ ఎత్తగా నేను వినలేదు.

రాజమండ్రిలో దిగి మా వీధిలో అడుగు పెట్టేటప్పుడు అన్నయ్య తల వంచుకునే ఉన్నాడు. ఇత్తడి కొట్టాయనే ఎదురొచ్చాడు. నీ ఫోను రాకపోతే పిల్లల్ని తీసుకెళ్లి గేటు దగ్గర ఏడిపించేవాళ్లమని అన్నయ్య భుజం తట్టాడు. రెండు కుటుంబాలు ప్రయాణం మానుకున్నాయి. ఇంకొందరు మాత్రం, ఎలాగూ బట్టలు సర్దుకున్నాం కదా అని బండెక్కి వెళ్లి, పొద్దున్నే కౌంటర్లో అడిగారట. మనవాళ్లు ఆడే మ్యాచ్ కాదు కాబట్టి అక్కడ టికెట్లు ఇంకా ఉన్నాయట. హాయిగా కూర్చుని చూసొచ్చారు. ఆ కథ అన్నయ్యకు వాళ్లు పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పారు. కొందరు కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. అన్నయ్య వాళ్ల ఇళ్లకు తనే వెళ్లి మాట్లాడాడు. లాడ్జిలో వాకబు చేస్తే ఆ టికెట్లాయన పుస్తకంలో రాసిన ఊరు నిజమే గాని, ఆ ఊళ్లో అలాంటి మనిషి లేడని తేలింది.

మరుసటి ఏడాది విశాఖపట్నంలో మ్యాచ్ పడింది. పేపర్లో ప్రకటన పడ్డ రోజే అన్నయ్య బస్సెక్కాడు. కౌంటరు దగ్గర నిలబడి కొని, అక్కడే అన్నీ చదువుకుని తెచ్చాడు. నాకు అప్పటికి పెళ్లి కుదిరి ఇంట్లో పనులు. వాళ్లిద్దరే వెళ్లారు. మనవాళ్లు గెలిచారు. తిరిగొచ్చాక అన్నయ్య నాతో, ఇంకోసారి ఈవిణ్ణి తీసుకెళ్లనన్నాడు. మ్యాచ్ జరిగినంతసేపూ, స్లిప్పులో ఇంకొకణ్ణి పెట్టమని కెప్టెన్‌కి చెప్పిరమ్మని పోరు పెట్టిందట. పెట్టుంటే ఆ క్యాచ్ వచ్చేది కదరా అని లోపల్నుంచి అత్తయ్య గొంతు. అన్నయ్య అటు తిరిగి, క్యాచ్ పోయింది స్లిప్పులో కాదు, గల్లీలో అన్నాడు. నేను ముహూర్తం చీరలు మడత పెడుతున్నాను. వాళ్లిద్దరూ భోజనాల వేళ దాకా దాని మీదే ఉన్నారు.